బకి కొమ్మిస్తే

లావుగా ఉన్నన్నాళ్లూ ఊరు ఊరంతా నన్ను ఒళ్లు తగ్గించుకోమంది. తగ్గించుకున్నాక అదే ఊరు "దానికేదో అయింది" అంది. మనిషిని ఎలా బతకమంటారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

మాది ధవళేశ్వరం. అక్కడే ఎలిమెంటరీ స్కూల్లో ఒకటో తరగతి టీచర్ని. ముప్ఫై దాటేసరికి వంద కిలోలకి అటూ ఇటూగా ఉండేదాన్ని. మోకాళ్లు పనికిరాకుండా పోతాయని డాక్టరు బెదిరిస్తే అప్పుడు బుద్ధి వచ్చింది. రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచాను. రాత్రి అన్నం మానేశాను. పెళ్లి భోజనాల్లో కాజా తెచ్చి ఆకులో వేస్తే పక్కవాళ్ల ఆకులోకి తోసేశాను. ఏడాదిన్నర తిరిగేసరికి మనిషిని సగమయ్యాను. నాకూ ఒక మెడ ఉందని, దాని కింద ఎముకలున్నాయని అప్పుడే తెలిసింది.

కానీ జబ్బలు మోసం చేశాయి. లోపలి కొవ్వు కరిగింది గానీ పైన తోలు అలాగే ఉండిపోయింది. చెయ్యెత్తితే చంక నుంచి మోచేతి దాకా వేలాడేది. బోర్డు మీద గుణింతం రాస్తుంటే, నేను రాసే ప్రతి అక్షరానికీ అది ఊగేది. ఒకటో తరగతి పిల్లలకి దాపరికాలు తెలీవు కదా. "టీచర్, మీ చెయ్యి ఉయ్యాలూగుతోందండి!" అని ఒకడు లేచి నిలబడి చెప్పాడు. వారం తిరక్కుండా స్కూలంతటికీ ఉయ్యాల టీచర్నయ్యాను. వాళ్ల ముందు నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఆ తర్వాత మోచేతి దాకా చేతులున్న జాకెట్లు తప్ప వేసుకోలేదు. మా ఎండల్లో అదెలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

రెండు వేల ఐదు వేసవి మాట ఇది. ఏప్రిల్లో స్కూళ్లకి సెలవులిచ్చారు, ఆనకట్ట దగ్గర కాలవలు కట్టేశారు. మా ఇంటి ముందు కాలవలో నీళ్లు పోయి బురద, బురద పోయి నెర్రెలు. మళ్లీ జూన్లో నీళ్లు వదిలేలోగా జబ్బల సంగతి తేల్చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. అలా తోలు కోసి తీసేసే ఆపరేషన్ ఒకటుందని పేపర్లో చదివాను. విశాఖపట్నంలో, కాలిన ఒళ్లకి చర్మం అతికే డాక్టరు గారే అదీ చేస్తారని తెలుసుకున్నాను. అమ్మకి ఏదో పనుందని చెప్పి పొద్దున్నే రైలెక్కాను. అన్నవరం కొండ కనిపించినప్పుడు అందరితో పాటు నేనూ దణ్ణం పెట్టుకున్నాను. ఏమని కోరుకున్నానో చెబితే నవ్వుతారు.

డాక్టరు గారు నా జబ్బ కింద తోలుని రెండు వేళ్లతో పట్టుకుని చూశారు. పెన్నుతో చంక నుంచి మోచేతి దాకా గీత గీశారు.

"ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా కోసి, ఎక్కువున్నది తీసేసి కుట్టేస్తామమ్మా. పొడుగునా మచ్చ ఉంటుంది. అది పోదు. వేలాడే తోలు కావాలా, మచ్చ కావాలా అన్నది మీరే తేల్చుకోవాలి."

"మచ్చ ఊగదు కదండీ?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఊగదు" అన్నారు.

"మూడు వారాలు చేతులు పైకెత్తకూడదు. తల దువ్వడానికి కూడా ఎవరో ఒకరు ఉండాలి. ఇంట్లో ఎవరున్నారు?"

"మా అమ్మ ఉందండి."

మే నెల చివర్లో రమ్మన్నారు. తిరుగు రైల్లో బాత్రూమ్‌లోకెళ్లి ఆ గీతలు తుడిచేసుకున్నాను. తుడుస్తూ నవ్వుకున్నాను కూడా. అంత సంతోషంగా ఉన్న రోజు నా జీవితంలో ఎక్కువ లేదు.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ పేరు చిన్నమ్మాయి. అరవై దాటినా ఊరందరికీ చిన్నమ్మాయే. కుడి చెవి అసలు వినపడదు, ఎడమ చెవి సగం. మిషను కొనిస్తే, చెవిలో కీచురాయి దూరినట్టుందని బీరువాలో పెట్టి తాళం వేసింది. సగం విని మిగతా సగం తనే పూరించుకునేది. "పాలవాడొచ్చాడే" అంటే "అయ్యో, ఎవడు చచ్చాడే?" అని గుండెలు బాదుకున్న మనిషి. దాంతో మా ఇంట్లో మాటలన్నీ అరుపులే. కొత్తవాళ్లు వింటే తల్లీకూతుళ్లు కొట్టుకుంటున్నారనుకునేవారు.

నాన్న నేను ఇంటర్ చదువుతుండగా పోయారు. కడుపులో కాన్సర్. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, ఆఖరికి జబ్బల మీద తోలు వేలాడిపోయింది. అమ్మ రెండు జబ్బలూ పట్టుకుని లేపబోతే తోలు చేతిలోకి వచ్చేది గానీ మనిషి లేచేవారు కాదు. ఆ వేసవిలో ఇది నాకు గుర్తు రాలేదు. అమ్మకి మాత్రం నన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొచ్చేదని తర్వాత తెలిసింది.

విశాఖపట్నం నుంచి వచ్చిన మర్నాడు అమ్మ పెరట్లో ఆవకాయకి కాయలు కొడుతోంది. పెద్ద కత్తి కింద కాయ పెట్టి టకటకా నరుకుతోంది. నేను ముక్కల్లో జీడి తీస్తూ, సోకులకి డబ్బు తగలేస్తానంటే ఎంత రభస చేస్తుందోనని భయపడుతూనే చెప్పాను.

"అమ్మా, నిన్న నేను వెళ్లింది డాక్టరు దగ్గరికే. జబ్బలకి ఆపరేషన్ చేయించుకుంటాను."

కత్తి ఆగిపోయింది.

"ఏంటీ?"

"జబ్బలకి! ఆపరేషన్!" అని అరిచాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఎన్నాళ్ల నుంచే?"

"ఒళ్లు తగ్గిన కాడ్నించీను. నువ్వు చూడట్లేదా?"

"చూస్తన్నాను. చూస్తానే ఉన్నాను. అడగటానికి నోరు రాలేదు." కొట్టిన ముక్కలు పక్కకి తోసి, "తీసేస్తే బాగైపోద్దన్నారా?" అంది.

"బాగవుతుందన్నారు. మచ్చ మాత్రం ఉండిపోతుందట."

"మచ్చదేముందే, మనిషి ముఖ్యం గానీ! మళ్లీ రాదుగా?"

"జాగ్రత్తగా ఉంటే రాదన్నారు."

"చేయించుకో" అంది అమ్మ. అంతే. మళ్లీ కత్తి అందుకుంది. ఆ తర్వాత నరికిన కాయలన్నీ వంకరటింకర ముక్కలే.

మర్నాడు పొద్దున్న చేతి గాజులు రెండూ తీసి నా ముందు పెట్టింది. నేను దాచుకున్నది ఉందమ్మా, వద్దు అన్నా వినలేదు. "నీ జబ్బ కన్నా ఇవెక్కువా?" అంది. నా మొహం వెలిగిపోయింది. ఈ వయసులో ఈ సోకులేంటని తిట్టే తల్లులున్న ఊళ్లో, కూతురు సిగ్గుతో చచ్చిపోతోందని గ్రహించి గాజులు తీసిచ్చిన తల్లి నాకుంది. మా అమ్మలాంటి తల్లి ఎవరికుంటుందనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ నిజమే, నేను అనుకున్న కారణానికి కాదు గానీ.

ఆ రోజు నుంచి అమ్మ నన్ను పసిపిల్లని చూసినట్టు చూసింది. బిందె ఎత్తనివ్వలేదు. పొద్దున్నే గుడ్డు, సాయంత్రం పాలు. "అమ్మా, ఇవన్నీ తింటే మళ్లీ లావెక్కుతానే!" అంటే, "ఎక్కితే ఎక్కు, కళ్లారా చూస్తాను" అనేది. రోజూ నన్ను కూర్చోబెట్టి తల దువ్వేది. ఆపరేషన్ తర్వాతకి ఇప్పట్నించే అలవాటు చేసుకుంటోందనుకుని మురిసిపోయాను.

ఒకరోజు మా మేనత్త సుబ్బాయమ్మని వెంటబెట్టుకుని అన్నవరం వెళ్లింది. నన్ను రావద్దంది. చీకటి పడకముందే తిరిగొచ్చి, ఆకుపొట్లంలో ప్రసాదం విప్పి తన చేత్తో నా నోట్లో పెట్టింది. బస్సులో పడి వచ్చిందన్న మాటే గానీ మొహంలో అలసట లేదు. చాన్నాళ్ల తర్వాత కూనిరాగం తీస్తూ అంట్లు తోముకుంది.

మే నెల సగం అయింది. నా దగ్గర పాత కుట్టుమిషను ఉంది. పొడుగు చేతుల జాకెట్లన్నీ ముందరేసుకుని, చేతులు సగానికి కత్తిరించి, పొట్టి చేతులుగా అంచులు మడిచి కుట్టేస్తున్నాను. జూన్లో స్కూల్ తెరిచేసరికి ఒక్క పొడుగు జాకెట్టు కూడా మిగలకూడదని పంతం. అమ్మ తన జాకెట్టు ఒకటి తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"ఎడం చెయ్యి కుట్టు విప్పి కాస్త వదులు చెయ్యవే. పట్టేస్తంది."

"కుడిదో?"

"కుడిది బానే ఉంది."

విప్పాను. నా ధ్యాసంతా నా జాకెట్ల మీదే. నాలుగు రోజులాగి మళ్లీ అదే జాకెట్టు తెచ్చింది, ఇంకొంచెం వదలమని. మళ్లీ విప్పాను. మూడోసారి తెచ్చినప్పుడు మిషను దగ్గర నుంచి తలెత్తకుండానే చెప్పాను.

"లోపల వదిలిన గుడ్డంతా అయిపోయిందమ్మా. ఇంక విప్పడానికేం లేదు."

చెప్పాక తలెత్తాను. అమ్మ ఎడం చెయ్యి కొంగు కింద దాచుకుని నిలబడి ఉంది. లేచి వెళ్లి కొంగు తీశాను. జబ్బ కుడిదానికి రెండింతలుంది. వాచి, నున్నగా మెరుస్తోంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఇదేంటమ్మా?"

"ముట్టుకోకు!" అని చెయ్యి లాగేసుకుంది. తిట్టినట్టు లేదు, భయపడినట్టుంది. "నువ్వసలు ముట్టుకోవద్దు దాన్ని."

రాజమండ్రిలో లేడీ డాక్టరు గారి దగ్గరికి బలవంతాన లాక్కెళ్లాను. ఎడం రొమ్ములో గడ్డ ఉంది, చంకలో ఇంకోటి. "ఎప్పట్నించమ్మా ఇది?" అని ఆవిడ అడిగితే, "అన్నవరం వెళ్లొచ్చిన వారానికే కనిపించిందండి" అంది అమ్మ, ఏదో బహుమతి వచ్చినట్టు. డాక్టరు గారు నాకేసి చూశారు. పరీక్షలన్నీ అయ్యాక నన్నొక్కదాన్నీ లోపలికి పిలిచారు. అది వారంలో వచ్చింది కాదని, ఏడాది పైనుంచే పెరుగుతోందని, లివర్‌కి పాకేసిందని చెప్పారు. కాకినాడలో ఇంజెక్షన్లు మొదలుపెడితే కొన్నాళ్లు లాగొచ్చు, బాధ కూడా తగ్గుతుందన్నారు.

కాకినాడ వెళ్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. అరిచాను, ఏడ్చాను, అన్నం మానేశాను. ఊహూ.

"నా జోలికి రాకే. ఇది నాలోంచి పోతే మళ్లీ ఎక్కడికెళ్లాలో అక్కడికే పోద్ది. నువ్వెళ్లి నీ ఆపరేషన్ చేయించుకో, నీలో ఇంకేమన్నా మిగిలుంటే అదీ పోద్ది" అంది.

నాకేమీ అర్థం కాలేదు. తిన్నగా సుబ్బాయమ్మత్త ఇంటికెళ్లి నిలదీశాను. మొదట నాకేం తెలీదంది. నేను గుమ్మంలోనే కూలబడి ఏడుస్తుంటే చూడలేక చెప్పేసింది.

"మీ అమ్మ నా చేత ఒట్టేయించుకుందే దుర్గా. ఆ రోజు కొండ మీద కొంగు పట్టి మొక్కుకుంది. దాని జబ్బు నాకిచ్చేసి దాన్ని వదిలెయ్ స్వామీ, అది బాగుపడితే దాని చేత మెట్టు మెట్టుకీ పసుపూ బొట్టూ పెట్టిస్తాను అని. వారం తిరిగిందో లేదో, స్నానం చేస్తంటే గడ్డ చేతికి తగిలిందంట. పరిగెత్తుకుంటా వచ్చింది నా దగ్గరికి. వదినా, స్వామి విన్నాడు, నాకిచ్చేశాడు అని. నవ్వుతూ చెప్పిందే! ఇప్పుడు వైద్యం చేయించుకుంటే ఇచ్చింది వెనక్కిచ్చినట్టంట. మళ్లీ నీకే వచ్చేస్తదని దాని భయం."

"నాకేం జబ్బు అత్తా?"

"అదేంటే? విశాఖపట్నంలో జబ్బుకి ఆపరేషనన్నావంట కదా. మీ నాన్నలా తోలు వేలాడిపోయి... మేమందరం అదే అనుకున్నాం. నిన్నడిగితే బాధపడతావని ఎవరం ఆ మాట ఎత్తలేదు."

అక్కణ్నుంచి ఇంటికి కాలవ గట్టు మీదుగా నడిచొచ్చాను. జబ్బలకి అన్నాను, జబ్బుకి అని వింది. నీ జబ్బు కన్నా ఇవెక్కువా అని ఉంటుంది, నేను జబ్బ అని విన్నాను. దానికైతే చెవుడు. నాకేం రోగం? రోజూ పిల్లల చేత గుణింతాలు చదివిస్తాను. బకి కొమ్మిస్తే బు. ఆ ఒక్క కొమ్ము మా ఇద్దరి మధ్యా నెల రోజులు తిరిగితే పట్టుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున్న అమ్మని అరుగు మీద కూర్చోబెట్టాను. నోటితో చెబితే మళ్లీ ఏం వింటుందోనని స్కూలు పలక తెచ్చాను. అమ్మ మూడో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుని చదవగలదు. పలక మీద పెద్ద అక్షరాలతో 'జబ్బు' అని రాసి అడ్డంగా తల ఊపాను. దాని కింద 'జబ్బ' అని రాశాను. జాకెట్టు చేతులు పైకి లాగి, రెండు చేతులూ బార చాపి ఆడించి చూపించాను. తోలు ఊగింది.

"ఇవమ్మా! ఇవి బాగాలేవని వీటికి ఆపరేషన్! నాకు జబ్బు లేదు. ఏ జబ్బూ లేదు!"

అమ్మ పలక చూసింది. నా చేతులు చూసింది. మళ్లీ పలక చూసి, వేలు పెట్టుకుని పెదాలు కదుపుతూ చదువుకుంది. ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టింది.

"ఓసి నీ దుంప తెగ! జబ్బలకా! ఈ జబ్బలకా నువ్వు విశాఖపట్నం పరిగెత్తింది! మీ నాన్నలా పోతావేమోనని నేను పస్తులుంటే, సోకులకంటే సోకులకి..." నవ్వుతోంది, కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. వాచిన చేత్తోనే నా మొహం తడిమింది. "అయితే నీకేం లేదా? ఒట్టా? నా మీదొట్టా?"

"నీ మీదొట్టు."

"బతికించావే తల్లీ!" అంది. నేనూ నవ్వాను. పక్కింటి వీరాస్వామి గారు ఏంటా గోల అన్నట్టు గోడ మీంచి తొంగి చూశారు. అంత హాయిగా నవ్వుకుని ఎన్నాళ్లయిందో.

ఆ నవ్వు తగ్గాక అమ్మ చాలాసేపు పలకనే చూస్తూ కూర్చుంది. కొంగు కొసతో కొమ్ముని చెరిపేసింది. అప్పుడు రెండూ జబ్బలే అయ్యాయి.

"మరయితే నాకొచ్చింది ఎవరిదే?" అంది.

నేను పలక తీసుకెళ్లి లోపల పెట్టేశాను.

మర్నాడే కాకినాడకి బయల్దేరింది. ఇంక వద్దనడానికి కారణం లేదు కదా. విశాఖపట్నం డాక్టరు గారిచ్చిన రోజు నేను కాకినాడ ఆసుపత్రి వరండాలో ఉన్నాను. అక్కణ్నుంచే ఫోన్ చేసి రాలేనని చెప్పాను. వేరే రోజు కావాలా అని అడిగారు. తర్వాత చెప్తానన్నాను.

ఇంజెక్షన్లు అమ్మకి పడలేదు. ఒకదానికే పచ్చగా అయిపోయింది. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఒంట్లో ఇంత బాధ ఉన్నా నెల రోజులు పాటలు పాడుకుంటూ అంట్లు తోముకున్న మనిషి, ఇప్పుడు పక్క మీద అటు తిప్పినా మూలిగేది, ఇటు తిప్పినా మూలిగేది. వచ్చినవాళ్లందర్నీ "నేనేం పాపం చేశాను?" అని అడిగేది. అంతకుముందు ఆ నొప్పిని నా కోసం మోస్తున్నాననుకుంది. ఇప్పుడది ఊరికే నొప్పి. చెప్పకపోతే వైద్యానికి రాదని చెప్పాను. చెప్పినందుకు వైద్యమూ అందలేదు, అమ్మకున్న ఒక్క ఓదార్పూ పోయింది. దేవుడా, ఆ పలక నేనెందుకు తెచ్చానా అని ఎన్నిసార్లు ఏడ్చానో.

జూన్లో ఒక పొద్దున్న కాలవకి నీళ్లొచ్చాయి. వీధిలో పిల్లలు కేకలేస్తూ గట్టు మీదికి పరిగెడుతున్నారు. ఆ కేకలు అమ్మకి వినపడవు గానీ, నేను కిటికీ వైపు చూడటం చూసి, "నీళ్లొదిలారా?" అంది. లేపి కూర్చోబెట్టడానికి వంగాను. అమ్మ నా జబ్బ పట్టుకుంది. తోలు చేతిలోకొచ్చింది. వదల్లేదు, గుప్పెట్లో అలాగే పట్టుకుని ఉంది.

"నాకొచ్చింది ఎవరిదో చెప్పలేదేంటే?" అంది.

వినపడే చెవి దగ్గరికి వంగాను.

"నాదేనమ్మా."

"నీకేం లేదన్నావుగా."

"నువ్వు భయపడతావని అలా చెప్పాను. జబ్బలకే వెళ్లాను గానీ, అక్కడ పరీక్ష చేస్తే జబ్బు కూడా ఉందన్నారు. మొన్న మళ్లీ చేశారు. ఏం లేదట. పోయిందట."

"పోయిందన్నారా?"

"పోయిందన్నారు. ఎలా పోయిందో మాకే తెలీట్లేదన్నారు."

"వాళ్లకేం తెలుస్తాది!" అంది అమ్మ. ఆ పచ్చబడిన మొహంలో గర్వం చూశాను. "నేను అనుకుంటానే ఉన్నాను. అలా ఊరికే ఎవరికిబడితే వాళ్లకిస్తాడా ఆయన." కాస్సేపు ఊపిరి తీసుకుంది. "మొక్కు మర్చిపోకే. నీ చేత్తోనే పెట్టాలి."

"పెడతానమ్మా."

తన మీద ఒట్టేసి నిజం చెప్పాను, ఒట్టు లేకుండా అబద్ధం చెప్పాను. అమ్మ అబద్ధాన్నే నమ్మింది. ఆ తర్వాత మూలగలేదు. కాలవ నిండుగా పారడం మొదలుపెట్టిన వారంలోనే పోయింది.

స్కూల్ తెరిచాక మొదటి రోజు బీరువా తీస్తే అన్నీ పొట్టి చేతుల జాకెట్లే. కత్తిరించిన ముక్కలు ఎప్పుడో పారేశాను. అలాగే వెళ్లి, అలాగే బోర్డు మీద రాశాను. కొత్త పిల్లలు చూశారు, నవ్వారు. విశాఖపట్నానికి నేను మళ్లీ ఫోన్ చెయ్యలేదు. చేతులంటే ప్రేమ పుట్టుకొచ్చిందని మాత్రం అనుకోకండి. ఇప్పటికీ అద్దంలో చూసుకుంటే ఒళ్లు మండుతుంది. కానీ ఆ మాట, జబ్బలకి ఆపరేషన్ అన్న ఆ మాట, మళ్లీ నోట్లోంచి రావట్లేదు.

ఏడాది మైల తీరాక అన్నవరం వెళ్లాను. కొండ కింద తొలి మెట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, లేచి పై మెట్టెక్కి మళ్లీ వంగాలి. వంగినప్పుడల్లా జబ్బలు ఊగుతున్నాయి. పొట్టి చేతులు కదా, దాచడానికి లేదు. నాతో పాటే ఒకావిడ, తుని నుంచి వచ్చానని చెప్పింది, మనవడి మొక్కు తీరుస్తూ పక్కనే బొట్లు పెట్టుకుంటూ వస్తోంది. సగం కొండెక్కాక ఇద్దరం ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్నాం.

"నీదేం మొక్కమ్మా?" అంది.

"జబ్బు తగ్గిందండి."

"ఎవరికి?"

"నాకేనండి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. చూపు నా చేతుల మీద ఆగింది. పాపమన్నట్టు నాలుక చప్పరించింది.

"పెద్ద జబ్బే చేసినట్టుంది తల్లీ. ఆ జబ్బలు చూస్తేనే తెలిసిపోతంది."

"అవునండి" అన్నాను. లేచి పై మెట్టుకి పసుపు రాశాను.